ముప్పై అయిదు మార్కుల అర్థం: పదో తరగతి ఉత్తీర్ణత నియమాలపై విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు:

• పదో తరగతి ఉత్తీర్ణత నియమాలను వివరించడం, వివిధ బోర్డుల నియమాలను పోల్చడం
• ఉత్తీర్ణత అంకెకూ, దాని అర్థానికీ మధ్య ఉన్న తేడాను గుర్తించడం
• ధ్రువపత్రం చేసే రెండు వేరువేరు పనులను విడదీసి చూపడం
• ఈ నియమాలపై మీ సొంత అభిప్రాయాన్ని కారణాలతో నిలబెట్టడం

1. పరిచయం

మూల్యాంకనం అంటే ఏమిటో, అందులో ఎన్ని రకాలున్నాయో మీరు ఇంతకుముందే చదివారు. ఆ పరిజ్ఞానాన్ని ఇప్పుడు ఒక నిజమైన నియమం మీద ప్రయోగించి చూద్దాం. తెలుగు రాష్ట్రాల్లో ఏటా లక్షలమంది పిల్లలు పదో తరగతి పరీక్ష రాస్తారు. వారిలో ఎవరు ఉత్తీర్ణులో, ఎవరు కాదో తేల్చే నియమం మన పరిశీలనాంశం.

విమర్శ అంటే తప్పులు ఎన్నడం కాదని మొదటే గుర్తుంచుకోండి. ఒక నియమం ఏ పని కోసం ఏర్పడిందో, ఆ పనే చేస్తున్నదో లేదో నిదానంగా చూడటమే విమర్శ. మన పరీక్షల విషయంలో ఉత్తీర్ణత అంకె చాలాకాలంగా మారలేదు. ఆ అంకె వెనుక ఉండవలసిన అర్థం మాత్రం తరచుగా మారుతూ వచ్చింది. ఈ పాఠ్యభాగమంతా ఈ ఒక్క వాదన చుట్టూనే సాగుతుంది. మీరు దీన్ని ఒప్పుకోనక్కరలేదు. కాదనాలంటే కారణాలు మాత్రం చూపాలి.

2. నియమం ఏమి చెబుతోంది?

తెలంగాణలో 2015 నుంచి 2025 వరకు జరిగిన పదో తరగతి పరీక్షల స్వరూపాన్ని తీసుకుందాం. ఆరు సబ్జెక్టులు. ఒక్కోదానికి 100 మార్కుల చొప్పున మొత్తం 600. ప్రతి వందలో 80 మార్కులు ఏడాది చివర జరిగే రాతపరీక్షకు, 20 మార్కులు బడిలో ఏడాది పొడవునా జరిగే అంతర్గత మూల్యాంకనానికి. ఉత్తీర్ణతకు నూటికి 35 రావాలి. రాతపరీక్షలో విడిగా 80కి 28 రావాలి. అంతర్గత మార్కులు ఎన్ని వచ్చినా రాతపరీక్షలో 27 దగ్గర ఆగిన విద్యార్థి గట్టెక్కడు. ద్వితీయ భాషకు మాత్రం మినహాయింపు ఉంది: అక్కడ నూటికి 20 చాలు.

ఈ నియమం విద్యార్థి ఎన్ని మార్కులు తెచ్చుకోవాలో చెబుతోంది. ఏమి చేయగలగాలో చెప్పడం లేదు. మన పాఠ్యపుస్తకాల్లో ప్రతి సబ్జెక్టుకూ విద్యాప్రమాణాల జాబితా ఉన్నమాట నిజమే. కానీ వాటిలో ఏవి వచ్చినవారికి 35 వస్తాయి, ఏవి రాకపోతే రావు అన్న లంకె మెమోలో గాని, నియమంలో గాని కనిపించదు.

దీని ఫలితం తరగతి గదిలో ఎలా ఉంటుందో గణితాన్ని చూస్తే తెలుస్తుంది. పరీక్ష దగ్గరపడేసరికి చదువులో వెనకబడ్డ పిల్లలను ఉపాధ్యాయులు విడిగా కూర్చోబెడతారు. రేఖీయ సమీకరణాల గ్రాఫు, సదృశ త్రిభుజ నిర్మాణం, వృత్తానికి స్పర్శరేఖలు గీయడం వంటి ‘తప్పకుండా వచ్చే’ అంశాలను మళ్లీమళ్లీ చేయిస్తారు. సాంఘికశాస్త్రంలో పటంలో ప్రదేశాలు గుర్తించడం ఇలాంటిదే. ఆ ఉపాధ్యాయులను తప్పుపట్టలేం. ఉన్న గీతను పిల్లవాడు దాటడానికి వారు చేయగలిగింది చేస్తున్నారు. అయితే అలా గీత దాటిన విద్యార్థికి నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున పదివేల అప్పు ఏడాదికి ఎంతవుతుందో లెక్క కట్టడం వచ్చునా? రావచ్చు, రాకపోవచ్చు. 35 అన్న అంకె చూసి మనం చెప్పలేం.

3. ఒకే వీధి, మూడు గీతలు

ఒక ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుంటే విషయం మరింత స్పష్టమవుతుంది. హైదరాబాద్‌లోని టోలిచౌకి గోల్కొండ కోటకూ, కుతుబ్‌షాహీ సమాధులకూ దగ్గరి ప్రాంతం. షేక్‌పేట దాటితే ఫిలింనగర్, ఆ పైన జూబ్లీహిల్స్. టోలిచౌకిలో ఉర్దూ మాట్లాడే ఇళ్లు ఎక్కువ. తెలుగు, హిందీ కూడా అదే వీధిలో వినిపిస్తాయి. గల్ఫ్ దేశాల్లో పనిచేసే బంధువులున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. చదువుల సంగతికి వస్తే ప్రభుత్వ పాఠశాలలు, రాష్ట్ర బోర్డు ప్రైవేటు పాఠశాలలు, సీబీఎస్‌ఈ పాఠశాలలు అన్నీ పిల్లలకు అందుబాటులో ఉంటాయి.

ఆ వీధిలో ముగ్గురు విద్యార్థులను ఊహించుకోండి. మొదటి అమ్మాయి ఉర్దూ మాధ్యమంలో చదువుతోంది. ఉర్దూ ప్రథమ భాష, తెలుగు ద్వితీయ భాష. రెండో అబ్బాయి రాష్ట్ర బోర్డు ఇంగ్లీషు మాధ్యమంలో తెలుగు ప్రథమ భాషగా, హిందీ ద్వితీయ భాషగా చదువుతున్నాడు. మూడో అబ్బాయి సీబీఎస్‌ఈ బడిలో ఉన్నాడు.

మొదటి అమ్మాయి తెలుగులో 20 తెచ్చుకుంటే చాలు. పక్కింటి రెండో అబ్బాయికి అదే తెలుగులో 35 రావాలి. హిందీలో 20 సరిపోతుంది. ప్రథమ, ద్వితీయ భాషల పాఠ్యపుస్తకాలు వేరు కాబట్టి ఇందులో కొంత న్యాయం ఉంది. మూడో అబ్బాయి గీత మరోచోట ఉంది. సీబీఎస్‌ఈ పదో తరగతిలో రాతపరీక్ష, అంతర్గత మార్కులు కలిపి నూటికి 33 వస్తే ఉత్తీర్ణుడే. రాతపరీక్షకు విడిగా కనీసం అంటూ లేదు. ఇప్పుడు లెక్క వేయండి. గణితంలో ముగ్గురికీ అంతర్గత మార్కులు ఇరవైకి ఇరవై వచ్చాయనుకుందాం. సీబీఎస్‌ఈ విద్యార్థికి రాతపరీక్షలో 80కి 13 చాలు. రాష్ట్ర బోర్డు విద్యార్థులకు 28 కావాలి. అంటే రెట్టింపు కంటే ఎక్కువ. పైగా సీబీఎస్‌ఈలో అదనంగా ఒక నైపుణ్య సబ్జెక్టు తీసుకున్నవారు గణితం, సైన్సు, సాంఘికశాస్త్రాల్లో ఒకదానిలో తప్పినా ఆ స్థానంలో నైపుణ్య సబ్జెక్టు మార్కులను లెక్కలోకి తీసుకుంటారు. రాష్ట్ర బోర్డులో ఆ వెసులుబాటు లేదు.

ఏ బోర్డు ప్రశ్నపత్రం కఠినం అన్న చర్చ ఇక్కడ పక్కన పెడదాం. ముగ్గురి చేతికీ వచ్చేది ‘పదో తరగతి ఉత్తీర్ణత’ అనే ఒకే మాట. ఆ మాటను ఉద్యోగమిచ్చేవారు, కళాశాలవారు, పాస్‌పోర్టు కార్యాలయంవారు ఒకే విలువతో స్వీకరిస్తారు. గీతలు వేరైనప్పుడు ఆ మాట ముగ్గురి విషయంలోనూ ఒకే సంగతి ఎలా చెబుతుంది?

4. అంకె నిలిచింది, అర్థం మారింది

ఒకే ఏడాదిలో వేరువేరు బోర్డులను పోల్చాం. ఇప్పుడు ఒకే బోర్డును కాలక్రమంలో చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 ఫలితాలతో మార్కుల స్థానంలో గ్రేడ్లు, జీపీఏ వచ్చాయి. 2014-15 విద్యాసంవత్సరం నుంచి నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో 80:20 విభజన అమలైంది. పదకొండు పేపర్లు ఆ తరువాత ఆరుకు తగ్గాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో అంతర్గత మార్కులను తొలగించింది. తెలంగాణ 2024 నవంబరులో వాటిని తొలగిస్తున్నట్టు ప్రకటించి, ఒకటి రెండు రోజుల్లోనే ఆ ఏడాదికి వాయిదా వేసింది. 2025 ఫలితాలతో తెలంగాణ మెమోల్లోకి మార్కులు తిరిగి వచ్చాయి. ఇన్ని మార్పుల మధ్య నూటికి 35 మాత్రం కదలలేదు.

ఫలితాలు మాత్రం బాగా కదిలాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 94.88 శాతం మంది ఉత్తీర్ణులయ్యారు. 2020, 2021లలో కోవిడ్ కారణంగా పరీక్షలు లేకుండానే అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. 2022లో పరీక్షలు మళ్లీ జరిగితే ఉత్తీర్ణత 67.26 శాతానికి పడిపోయింది. దాదాపు రెండు లక్షలమంది తప్పారు. ఈ పతనానికి ఒకే కారణం చూపడం పొరపాటు. రెండేళ్లపాటు బడులు సరిగా నడవలేదు, అంతర్గత మార్కుల ఆసరా పోయింది, పేపర్ల స్వరూపం మారింది. ఆ తరువాత 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14 శాతంగా ఫలితాలు వచ్చాయి. పిల్లల తెలివితేటలు మూడేళ్లలో ఇంతగా ఎక్కి దిగవు. పరీక్ష జరిగిన పరిస్థితులు, పరీక్ష స్వరూపం మారుతున్నాయి. వాటితోపాటు 35 అర్థం కూడా మారుతోంది.

రాతపరీక్షను పూర్తిగా తీసేసి బడి మార్కుల మీదే ఆధారపడితే సమస్య తీరుతుందని కొందరంటారు. 2021లో తెలంగాణలో జరిగింది వారు గమనించాలి. అంతర్గత మార్కుల ఆధారంగానే ఫలితాలిచ్చిన ఆ ఏడాది సుమారు 5.21 లక్షల మందిలో రెండు లక్షలమందికి పైగా 10 జీపీఏ వచ్చింది. మామూలు సంవత్సరాల్లో ఆ స్థాయి కొన్ని వేలమందికే అందుతుంది. ఎవరి పిల్లల పేర్లూ తెలియని మూల్యాంకన కేంద్రంలో దిద్దిన జవాబుపత్రం పేదపిల్లవాడికి ఒక రక్షణ. పేరున్న ప్రైవేటు బడికి తన పిల్లలకు మార్కులు వేసుకునే అధికారం పూర్తిగా ఇచ్చినప్పుడు మొదట నష్టపోయేది సర్కారు బడి పిల్లలే. కాబట్టి ఈ పాఠ్యభాగంలోని విమర్శ బయటి పరీక్ష ఉండటం మీద కాదు. ఆ పరీక్ష గీతకు అర్థం రాయకపోవడం మీద.

5. ద్వితీయ భాష, ఇరవై మార్కులు

టోలిచౌకి వంటి ప్రాంతంలో ద్వితీయ భాష నియమం ప్రత్యేకంగా ఆలోచించవలసినది. తెలంగాణ శాసనసభ 2018లో పాఠశాలల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. 2018-19లో ఒకటి, ఆరు తరగతులతో మొదలుపెట్టి క్రమంగా పదో తరగతి దాకా, అన్ని బోర్డుల పాఠశాలల్లో అమలు చేయాలన్నది ఉద్దేశం. అమలు నత్తనడక నడిచింది. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం సీబీఎస్‌ఈ తదితర బోర్డుల్లో తొమ్మిది, పది తరగతులకు ‘సింగిడి’ బదులు సరళమైన ‘వెన్నెల’ వాచకాన్ని వాడాలని ఆదేశించింది.

‘వెన్నెల’ ఆలోచన మంచిది. ఇంట్లో తెలుగు లేని పిల్లల ముందు ప్రబంధ పద్యాలు పెట్టి మార్కులు అడగడం కంటే, వారికి అందే తెలుగు నేర్పడం మేలు. అయితే పుస్తకం సరళం చేయడంతో పని పూర్తికాదు. ఆ తెలుగు చదివిన విద్యార్థి చివరికి ఏమి చేయగలగాలి? మెహిదీపట్నం బస్సు బోర్డు చదవడమా? కరెంటు బిల్లు అర్థం చేసుకోవడమా? తహసీల్దారుకు ఒక దరఖాస్తు రాయడమా? ఆసుపత్రిలో తల్లి జబ్బును తెలుగులో వివరించడమా? వీటిలో ఏవి కనీసమో తేల్చి రాస్తే, ఇరవై మార్కులైనా ముప్పై అయిదు మార్కులైనా వాటికొక ఆధారం దొరుకుతుంది. అలా రాయనప్పుడు ద్వితీయ భాష ఎలాగో ఒకలా దాటవలసిన గండంగా మిగులుతుంది. పిల్లలు గండంగా భావించిన భాషను పెద్దయ్యాక ఇష్టంతో వాడరు. తెలుగు మీద ప్రేమతో చేసిన చట్టం తెలుగుకు మేలు చేయాలంటే ఈ లోటు పూడ్చాలి.

6. ధ్రువపత్రం చేసే రెండు పనులు

ఉత్తీర్ణత ధ్రువపత్రం రెండు పనులు చేస్తుంది. ఒకటి, ఈ విద్యార్థికి ఇంత వచ్చునని చెప్పడం. రెండు, తలుపు తీయడం లేదా మూయడం. ఈ రెండింటిని కలిపివేయడం వల్లనే చాలా చిక్కులు వస్తున్నాయి.

తలుపు అంటే ఇంటర్మీడియట్ ప్రవేశమే అనుకోకండి. 1983 నాటి వలసల చట్టం ప్రకారం పదో తరగతి ఉత్తీర్ణత లేనివారు సాధారణంగా గల్ఫ్ దేశాలతోపాటు మరికొన్ని దేశాలకు పనికి వెళ్లేముందు వలస అనుమతి పొందాలి. పదో తరగతి ఉత్తీర్ణులైనవారికి ఆ తనిఖీ అక్కరలేదు. చదువుకోని కార్మికుడు మోసపోకుండా కాపాడాలన్నది ఆ నియమం ఉద్దేశం. అది మంచి ఉద్దేశమే. కానీ టోలిచౌకిలో దుబాయి వెళ్లాలనుకునే యువకుడి దృష్టిలో సాంఘికశాస్త్రంలో తగ్గిన నాలుగు మార్కులకు ఆ రక్షణతో ఏ సంబంధమూ ఉండదు. ఒప్పందపత్రం చదివి అర్థం చేసుకోగలడా అన్నదే అసలు ప్రశ్న. దాన్ని మన పరీక్ష నేరుగా అడగదు.

పత్రానికీ పనికీ సంబంధం లేదని ప్రభుత్వమే ఒప్పుకున్న సందర్భం కూడా ఉంది. రవాణా వాహనం నడిపేవారికి ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత ఉండాలన్న కేంద్ర మోటారు వాహన నిబంధనను 2019లో తొలగించారు. నైపుణ్యం ఉండి చదువులేని డ్రైవర్లకు ఉపాధి దూరమవుతోందన్నది చెప్పిన కారణం. వాహనం నడపడం వచ్చునా లేదా అన్నది నడిపించి చూసి తేల్చవచ్చు. ఫిలింనగర్ పరిసరాల్లో షూటింగులకు లైట్లు మోసే మనిషిని ఎవరూ పదో తరగతి మెమో అడగరు. యూనియన్ కార్డు, చేతిపని చూస్తారు. ఏ తలుపుకు ఏ పత్రం అవసరమో ఒక్కొక్కటిగా ప్రశ్నించుకోవడం నేర్చుకోండి.

7. ఇతర దేశాల అనుభవం

అమెరికాలో హైస్కూలు పట్టా నిబంధనలను రాష్ట్రం నిర్ణయిస్తుంది; స్థానిక పాఠశాల జిల్లాలు వాటికి మరికొన్ని చేర్చుకోవచ్చు. ఏ సబ్జెక్టు ఎన్నేళ్లు చదివి ఎన్ని క్రెడిట్లు సంపాదించాలన్నది అక్కడ ప్రధానం. మసాచుసెట్స్ రాష్ట్రంలో దీనికి తోడు 2003 నుంచి ఒక రాష్ట్రస్థాయి పరీక్షలో ఉత్తీర్ణత కూడా తప్పనిసరిగా ఉండేది. 2024 నవంబరులో ఓటర్లు ఆ షరతును రద్దు చేశారు. ఒక్క పరీక్ష వల్ల కొందరు పిల్లలకు, ముఖ్యంగా ఇంగ్లీషు మాతృభాష కాని పిల్లలకు, పట్టా అందడం లేదని ఒక పక్షం వాదించింది. ఒక్కో పట్టణం ఒక్కో గీత గీసుకుంటే పట్టాకు విలువేమిటని రెండో పక్షం అడిగింది. మన టోలిచౌకి వీధిలోని మూడు గీతలను గుర్తుచేసుకుంటే, రెండు పక్షాల మాటలోనూ నిజముందని మీకే తెలుస్తుంది. న్యూయార్క్ రాష్ట్రం కూడా చిరకాలంగా ఉన్న రీజెంట్స్ పరీక్షల షరతును దశలవారీగా తొలగించాలని నిర్ణయించింది. అంతకంటే ముందు, పట్టా పొందిన విద్యార్థికి ఏయే సామర్థ్యాలుండాలో ఒక వివరణ తయారుచేసుకుంది. మనం నేర్చుకోదగింది ఆ వరుసక్రమం: ముందు అర్థం, తరువాత గీత.

ఇంగ్లండ్‌లో పదహారేళ్ల వయసులో రాసే పరీక్షల్లో మొత్తం మీద ‘ఫెయిల్’ అన్న మాటే లేదు. ఏ సబ్జెక్టుకు ఆ సబ్జెక్టు గ్రేడు విడిగా వస్తుంది. ఇంగ్లీషు, గణితాల్లో నిర్ణీత గ్రేడు రానివారు పై చదువుతోపాటు వాటిని చదవడం కొనసాగించాలి. తలుపు మూయకుండా చదువు కొనసాగించే పద్ధతి ఇది. మళ్లీమళ్లీ రాసి తప్పేవారు అక్కడా ఉన్నారు కాబట్టి దాన్ని ఆదర్శంగా కాక ఒక ప్రత్యామ్నాయంగా చూడండి.

8. సార్వత్రిక విద్య చూపిన దారి

ఇలాంటి ప్రత్యామ్నాయం మన దగ్గర లేకపోలేదు; మీరు చదువుతున్న పద్ధతిలోనే ఉంది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఏర్పడింది. 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. పాత ధ్రువపత్రం లేనివారికి కూడా అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో ప్రవేశం కల్పించడం ఆ సంస్థ తొలినాళ్లలో వేసిన పెద్ద అడుగు. ‘నీ దగ్గర ఏ పత్రం ఉంది?’ అనే ప్రశ్న స్థానంలో ‘నీకిప్పుడు ఏమి వచ్చు?’ అనే ప్రశ్న వచ్చింది.

పాఠశాల స్థాయిలో జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ విద్యార్థికి అయిదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు ఇస్తుంది. గట్టెక్కిన సబ్జెక్టు ఖాతాలో నిలిచి ఉంటుంది. మిగిలినవి ఒక్కొక్కటిగా పూర్తి చేయవచ్చు. మామూలు పదో తరగతిలోనూ తప్పిన సబ్జెక్టు మాత్రమే మళ్లీ రాసే వీలుంది. తేడా పద్ధతిలో కంటే దృష్టిలో ఉంది. సార్వత్రిక పాఠశాలలో అయిదింటిలో మూడు పూర్తిచేసిన మహిళను ‘మూడు పూర్తయ్యాయి’ అంటారు. మామూలు బడిలో ఆరింటిలో అయిదు గట్టెక్కిన పిల్లవాడిని ‘ఫెయిలయ్యాడు’ అంటారు. ఆ మాట ఇంట్లో, వీధిలో, పెళ్లి సంబంధాల దగ్గర ఎంత బరువైనదో మీలో చాలామందికి తెలుసు.

9. ముగింపు

పై చర్చ నుంచి మూడు సూచనలు వస్తాయి. మొదటిది, ప్రతి సబ్జెక్టులో ఉత్తీర్ణుడైన విద్యార్థి కనీసం ఏమి చేయగలడో పది వాక్యాల్లో రాసి మెమో వెనుక అచ్చువేయాలి. ప్రశ్నపత్రాన్ని ఆ వాక్యాలకు అనుగుణంగా తయారుచేయాలి. రెండోది, పూర్తిచేసిన సబ్జెక్టులకు విడిగా విలువ ఇవ్వాలి. ఒక సబ్జెక్టు మిగిలిపోతే మిగతా అయిదింటిని మరుగుపరచకూడదు. మూడోది, ధ్రువపత్రం అడిగే ప్రతి సంస్థా అది ఎందుకు అవసరమో చెప్పగలగాలి.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. కనీస సామర్థ్యాలు రాస్తే బడులు వాటినే బోధించి ఊరుకుంటాయి, ప్రమాణాలు పడిపోతాయి అని. ఇది కొట్టిపారేయదగింది కాదు. అయితే ఇప్పుడు కూడా బడులు కనీసాన్నే బోధిస్తున్నాయి. గ్రాఫు, నిర్మాణం, పటం ఆ కనీసం. ఎలాగూ కనీసమే బోధించేటప్పుడు, పిల్లవాడికి బతుకులో అక్కరకు వచ్చే కనీసాన్ని ఎంచుకోవడం మంచిది.

సారాంశం

పదో తరగతి ఉత్తీర్ణత నియమం మార్కులను నిర్ణయిస్తోంది. సామర్థ్యాలను నిర్ణయించడం లేదు. బోర్డును బట్టి, సంవత్సరాన్ని బట్టి ఒకే ఉత్తీర్ణతకు వేరువేరు అర్థాలు వస్తున్నాయి. అంతర్గత మార్కులను మాత్రమే నమ్మడం దీనికి పరిష్కారం కాదు. ధ్రువపత్రం సామర్థ్యాన్ని చెప్పడం, తలుపు తీయడం అనే రెండు పనులు చేస్తుంది; విమర్శకులు వాటిని విడదీసి చూడాలి. సార్వత్రిక విద్యావిధానం సబ్జెక్టులను కూడబెట్టుకునే దారి చూపింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. రాష్ట్ర బోర్డు, సీబీఎస్‌ఈ ఉత్తీర్ణత నియమాల మధ్య తేడాను ఒక లెక్కతో చూపండి.
2. తెలంగాణలో 2021 ఫలితాలు అంతర్గత మూల్యాంకనం గురించి ఏమి తెలియజేస్తున్నాయి?
3. ద్వితీయ భాషగా తెలుగు చదివిన విద్యార్థికి ఉండవలసిన అయిదు కనీస సామర్థ్యాలను రాయండి. ఎందుకు వాటినే ఎంచుకున్నారో వివరించండి.
4. మీకు తెలిసిన ఒక ఉద్యోగాన్ని తీసుకోండి. అందులో అడిగే విద్యార్హతకూ, ఆ పనికీ సంబంధం ఉందా? కారణాలతో చర్చించండి.
5. ఈ పాఠ్యభాగంలోని ప్రధాన వాదనను ఖండిస్తూ ఒక పుటకు మించకుండా వ్యాసం రాయండి.